ప్రేమజ్యోతి ఆంటీ, రెండేళ్ళ రాజు

కెనడాలో మేముండే సార్నియాలో ఎత్తుగా కనిపించేవన్నీ ఫ్యాక్టరీలవే. ఊరు దాటి నది వెంబడి కిందికి పోతే పొగగొట్టాలు, వాటి కొసల్లో మంటలు, తెల్లటి ఆవిరి. అవన్నీ అయిపోయాక మొక్కజొన్న చేల పక్కన ఒంటరిగా ఒక ఇనుప స్తంభం ఉంటుంది. ఎనిమిది అంతస్తుల ఎత్తు. దానికి పొగా ఉండదు, మంటా ఉండదు. కొత్తగా వచ్చినవాళ్ళు సెల్ టవర్ అనుకుంటారు. ఏడాదికి ఒక్కరోజు దాని కొసన పావురమంత చెక్కపిట్ట ఒకటి కూర్చుంటుంది. కింద నిలబడి బాణంతో దాన్ని పడగొట్టినవాళ్ళు ఆ ఏడాదికి రాజు.

గడిచిన రెండేళ్ళూ ఆ రాజు మా ప్రేమజ్యోతి ఆంటీ. ఆడమనిషి గెలిచినా అక్కడ రాణి అనరు, రాజనే అంటారు. రాణి అంటే రాజు భార్య అని వాళ్ళ లెక్క. మరి ఆ లెక్కన నాన్న ఏమవుతాడని వాళ్ళమ్మాయి హోప్ అడిగితే, ఎలియాజరు అంకుల్ కారు తాళాలు ఊపి చూపించాడు.

"డ్రైవర్ని" అన్నాడు.

వాళ్ళ ఇంటి బేస్‌మెంట్‌లో అమ్మా నేనూ అద్దెకుంటాం. పదకొండో గ్రేడులో నేను బడి మానేశాక, ఊరికే ఇంట్లో కూర్చోవద్దని ఆంటీయే నన్ను ఆ స్తంభం పక్కనున్న హాలు వంటింట్లో పనికి పెట్టించింది. గిన్నెలు కడిగే చోట ఒక కిటికీ ఉంది. దాంట్లోంచి స్తంభం మొదలు నుంచి కొస దాకా కనిపిస్తుంది. నేనిక్కడ రాసేది ఆ కిటికీలోంచి చూసిందీ, ఆంటీ కారు వెనక సీట్లో కూర్చుని విన్నదీ.

ఆంటీది రేపల్లె దగ్గర ఒక ఊరు. ఇక్కడ వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేస్తుంది. ముసలివాళ్ళను లేపడం, స్నానం చేయించడం, బట్టలు తొడిగి కుర్చీలో కూర్చోబెట్టడం. మనిషి పొట్టి, భుజాలు గట్టివి. చిన్నప్పుడు ఉండేలు పెట్టి మామిడికాయలు కొట్టేదట. ఆడపిల్లకు ఉండేలు ఏమిటని వాళ్ళ నాయనమ్మ దాన్ని పొయ్యిలో పెడితే, మర్నాటికి ఇంకోటి చేసుకుందట.

కేర్ హోమ్‌లో తడి తువ్వాళ్ళను ఉండచుట్టి, వసారా ఈ చివర నుంచి ఆ చివరనున్న బుట్టలోకి విసిరేది. ఒక్కటీ కింద పడేది కాదు. దాన్ని చక్రాల కుర్చీలోంచి రోజూ ఒకాయన చూసేవాడు. ఆయన పేరు ఓమెర్. బతుకంతా వడ్రంగం చేసిన మనిషి. ఒకరోజు ఆయన, "శనివారం నీకు సెలవా?" అని అడిగాడు.

"సెలవే. ఏం కావాలి?"

"నన్నొకచోటికి తీసుకెళ్ళు. బస్సు అటు పోదు. నువ్వు అక్కడ తువ్వాళ్ళు కాకుండా వేరేవి విసురుదువుగాని."

అలా ఆంటీ మొదటిసారి హాలుకు వెళ్ళింది.

ఆ హాలు ఒక విలుకాళ్ళ గిల్డ్‌ది. గిల్డ్ అంటే పూర్వం ఒకే పని చేసేవాళ్ళు కట్టుకున్న సంఘం. దీని కథ ఓమెర్ గారు ఆంటీకి చెబితే, ఆంటీ దారి పొడుగునా మాకు చెప్పేది. బెల్జియంలో ఫ్లాండర్స్ అనే ప్రాంతంలో ఒక చిన్న పట్టణం. దానిచుట్టూ గోడ. ఆరువందల ఏళ్ళ కిందట ఆ గోడను కాచింది సైన్యం కాదు. రొట్టెలు కాల్చేవాళ్ళు, బట్ట నేసేవాళ్ళు, తోలు పనివాళ్ళు, కమ్మరులు. పగలు ఎవరి పని వాళ్ళది. గంట మోగితే చేతిలో పని అక్కడే వదిలి విల్లు పట్టుకుని గోడెక్కాలి. అందుకు ఊరు వాళ్ళకు ఏటా చొక్కాలకు ఎర్రబట్ట, పండక్కి సారా, సాధన చేసుకోవడానికి పొడవాటి తోట ఉన్న ఇటుకల ఇల్లు ఇచ్చింది. ఆ ఇల్లే గిల్డ్ నివాసం. ఏడాదికోసారి పిట్టను పడగొట్టినవాడు రాజు. రాజు ఇంటికి ఆ ఏడు పన్ను ఉండదు.

"రాజంటే గుర్రమెక్కేవాడు కాదే హోప్," అనేది ఆంటీ డ్యాష్‌బోర్డు మీద చెయ్యి తడుతూ. "రొట్టెలోడు. పొద్దున రాజైనా సాయంత్రం పిండి కలపాల్సిందే."

"సో, లైక్ యూ," అనేది హోప్ ఫోనులోంచి తలెత్తకుండా.

"ఆఁ. నాలాగే."

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ ఇల్లు కాలిపోయింది. గిల్డ్‌లో కొందరు బీట్‌రూట్, పొగాకు చేలల్లో కూలికి ఇక్కడికొచ్చారు. కాలిన గోడలోంచి ఒక ఇటుక, రాజు మెడలో వేసే వెండి బిళ్ళల హారం, పేర్లు చెక్కిన ఒక ఓక్ చెక్క పలక వెంట తెచ్చుకున్నారు. ఇక్కడ కొంత కుదురుకున్నాక ఆదివారాలు తామే ఇటుకలు మోసి ఈ హాలు కట్టుకున్నారు. పాత ఇటుకను గుమ్మం పక్కన గోడలో పెట్టారు. ఒకవైపు నల్లగా ఉంటుంది. లోపలికి వెళ్ళేవాళ్ళు దాన్ని చేత్తో తాకి వెళతారు.

ఆంటీ తాకడం మొదటిసారి చూసినప్పుడు అంకుల్ ముఖం ముడుచుకుంది.

"రాళ్ళకి మొక్కటం ఎప్పట్నుంచి?"

"మొక్కలేదండీ. తలుపు కొట్టినట్టు, అంతే."

"లోపల ఆ బాణాలు గుచ్చుకున్న సెయింటు బొమ్మో?"

"విలుకాళ్ళ సెయింటని వాళ్ళు పెట్టుకున్నారు. దానికి నేను దణ్ణం పెట్టట్లేదుగా. దుమ్ము దులుపుతున్నా."

అంకుల్ మాత్రం మూడు గంటల దూరాన ఎటోబికోలో ఉన్న తమ చర్చివాళ్ళకు ఆ బొమ్మ సంగతి చెప్పలేదు.

ఓమెర్ గారిని కొన్నాళ్ళు తీసుకొచ్చాక ఆంటీని గిల్డ్‌లో చేర్చుకున్నారు. ఆ రోజున, అప్పటికే వంటింటి పనిలో ఉన్న నేను టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. గిల్డ్ పెద్ద గాస్టన్ అనే పొడవాటి మనిషి. తోటపని సామాన్ల షాపు నడుపుతాడు. కొత్తవాళ్ళను అందరి ముందూ నిలబెట్టి ఒకే ప్రశ్న అడగడం అక్కడి ఆనవాయితీ. "చేతులతో ఏం పని చేస్తావు?"

ఆంటీ తన చేతులు చూసుకుంది. "మనుషుల్ని లేపుతాను. కడుగుతాను. కూర్చోబెడతాను" అంది.

ఎవరూ నవ్వలేదు. చక్రాల కుర్చీలోంచి ఓమెర్ గారు, "నన్నడిగితే అది రొట్టె కాల్చడం కంటే కష్టం. నన్ను మోసి చూడండి" అన్నాడు. ఆంటీకి ఎర్ర చొక్కా ఇచ్చారు. అప్పటి నుంచి ఆమె నడకలో ఏదో తేడా వచ్చింది. కేర్ హోమ్ నుంచి అలసిపోయి వచ్చినా, ఎవరైనా మీరేం చేస్తారని అడిగితే మునుపటిలా "కేర్ హోమ్‌లోనండీ" అని ఊరుకోకుండా, "విలుకత్తెని కూడా" అని చేర్చేది.

ఓమెర్ గారు యాభై ఏళ్ళపాటు పిట్ట మీద బాణం వేశాడు. ఒక్కసారీ రాజు కాలేదు. ఏటా ఆ పిట్టను చెక్కేది మాత్రం ఆయనే. "నేనే చెక్కుతాను కదా, అందుకే నామీద పగబట్టాయి" అనేవాడు. రెండు మూడుసార్లు బాణం సరిగ్గా తగిలిందట. పిట్ట ఊగింది గాని పడలేదు. తగిలితే చాలదు, నేలమీద పడాలి. చేతులు వణకడం మొదలయ్యాక విల్లు వదిలి, ఆంటీకి నేర్పడం మొదలుపెట్టాడు. స్తంభం మొదట్లో నిలబడి నడుము వెనక్కి వంచి ఆకాశంలోకి వేయాలి. బాణం కొసకు మొన ఉండదు, రబ్బరు మూత ఉంటుంది. అయినా తిరిగి కింద పడేటప్పుడు నెత్తిమీద పడితే ప్రమాదమే, అందుకే మిగతావాళ్ళంతా రేకుల పందిరి కింద ఉంటారు. ఆంటీ బాణం తప్పితే ఓమెర్ గారు పందిరి కింది నుంచే చక్రాల కుర్చీ చెయ్యి మీద దబదబ కొట్టేవాడు. "నీకు గాలి కనబడదా? మొక్కజొన్నను చూడు. ఆకు ఎటు తిరిగితే గాలి అటు."

గిల్డ్‌లో చేరిన మూడో ఏట ఆంటీ రాజయింది. మరుసటి ఏడూ ఆమే.

వరసగా మూడేళ్ళు పిట్టను పడగొట్టినవాళ్ళను చక్రవర్తి అంటారు. హాలులో ఆ ఓక్ పలక మీద చక్రవర్తుల పేర్లు చెక్కి ఉంటాయి. ఆరువందల ఏళ్ళలో అవి మూడే. మూడూ ఫ్లాండర్స్‌లో ఉన్నప్పటివే. కెనడా వచ్చాక ఒక్కరూ లేరు. ఒక సాయంత్రం నేను బల్లలు తుడుస్తుంటే, ఆంటీ ఆ పలక ముందు నిలబడి మూడో పేరు కింద ఖాళీ మీద అరచెయ్యి పెట్టి కొలిచింది. తన పేరు అక్కడ పడుతుందా అన్నట్టు. నన్ను చూసి చెయ్యి తీసేసింది.

"పొడుగు పేరు కదే నిఖిలా," అంది.

ఆ చలికాలంలోనే ఓమెర్ గారు పోయాడు. పోయేముందు శరదృతువంతా ఆంటీ ఆయన్ను హాలుకు తీసుకొచ్చేది. కేర్ హోమ్‌లో కత్తి పట్టనివ్వరు కాబట్టి ఇక్కడ కూర్చుని పిట్టను చెక్కేవాడు. ప్రతిసారీ మెత్తని చెక్క వాడేవాడు, ఈసారి గట్టిగా ఉండే మేపుల్ చెక్క అడిగాడు. పిట్ట కాళ్ళ దగ్గర స్తంభంలో దిగే మేకు ఉంటుంది. దాన్ని కూడా మామూలు కన్నా లావుగా చెక్కాడు.

"ఇది పడుతుందా అసలు?" అంది ఆంటీ.

"సులువుగా పడితే అది పిట్టెలా అవుతుంది?"

గిల్డ్‌కు ఇంకో ఆనవాయితీ ఉంది. ఎవరైనా ఆ ఏడు చనిపోతే, వాళ్ళు ముందే చెప్పి ఉంచిన మనిషి వాళ్ళ బాణం వేస్తాడు. పాతకాలంలో గోడమీద చచ్చిపోయినవాడి పెళ్ళాం పిల్లలకు ఆ ఏడైనా పన్ను తప్పాలని పుట్టిన పద్ధతి. ఆ బాణానికి పిట్ట పడితే చనిపోయిన మనిషే రాజు. హారంలో అతని పేరుతో బిళ్ళ వేస్తారు. వేసేవాళ్ళు తమ వంతు వచ్చిన ప్రతిసారీ ముందు ఆ బాణం, తర్వాతే తమది వేయాలి. పోయినవాణ్ణి ఆగమనకూడదు అంటారు.

ఓమెర్ గారు చెప్పి ఉంచింది ఆంటీ పేరే.

గాస్టన్ ఆ బాణాన్ని ఇవ్వబోతూ ఆగాడు. "ఇది నీకు మూడో ఏడు. కావాలంటే ఓమెర్ బాణం నేను వేస్తాను. ఎవరూ తప్పుపట్టరు."

"ఆయన మిమ్మల్ని అడగలేదుగా," అని ఆంటీ చెయ్యి చాచింది. ఆ బాణానికి ఎర్ర ఈకలు. ఆంటీవి తెల్లవి.

జూన్‌లో ఆ రోజు వచ్చింది. ముందురాత్రి వాన పడి వెలిసింది. స్తంభాన్ని నేలకు వంచి, ఓమెర్ గారి చివరి పిట్టను కొసన బిగించి మళ్ళీ పైకెత్తారు. మధ్యాహ్నానికి ఎటోబికో నుంచి రెండు వ్యానుల్లో చర్చివాళ్ళు దిగారు. బిర్యానీ గిన్నెలు, మడత కుర్చీలు, ఒక శాలువా, చుట్టిన ఫ్లెక్సీ ఒకటి. ఫ్లెక్సీ తెచ్చింది ప్రింటింగ్ షాపు వీర్రాజు గారు. రెండు కొయ్యలకు కట్టి విప్పగానే అందరూ చుట్టూ మూగారు. నిండా ఆంటీ బొమ్మ, చేతిలో విల్లు. "విలువిద్యా చక్రవర్తి శ్రీమతి ప్రేమజ్యోతి గారికి హృదయపూర్వక అభినందనలు." కింద శుభాకాంక్షలు తెలిపేవారి బొమ్మలు వరసగా. అన్నిటికన్నా పెద్దది వీర్రాజు గారిది.

ఆంటీ దాన్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "వందనాలు వీర్రాజు గారూ. పిట్ట ఇంకా గడమీదే ఉందండీ."

"ఎంతసేపమ్మా. మీ ఆయన ఫోన్లో గ్యారంటీ ఇచ్చాడు."

ఆంటీ అంకుల్ వైపు చూసింది. అంకుల్ బిర్యానీ గిన్నె మూత సర్దడంలో మునిగిపోయాడు.

చీటీలు తీశారు. ఆంటీ వంతు చివరి నుంచి రెండోది. ఒక్కొక్కరే స్తంభం కిందికి వెళ్ళి వేయసాగారు. వానకు మేపుల్ మేకు ఉబ్బి బిగుసుకుపోయింది. బాణాలు ఠక్కున తగులుతున్నాయి, పిట్ట కదలడం లేదు. రెండు చుట్లు అయ్యాయి. పందిరి కింద ముసలాయన ఒకడు పైకి చూసి, "ఓమెర్, చచ్చి కూడా సాధిస్తున్నావురా" అంటే అందరూ నవ్వారు. ఆంటీ రెండు చుట్లలో నాలుగు బాణాలు వేసింది. ఎర్రదొకటి తగిలింది, తెల్లదొకటి తగిలింది. పిట్టకు చలనం లేదు.

మూడో చుట్టులో ఎండ గట్టిగా కాసింది. గాస్టన్ బాణం దిగువ నుంచి తగలగానే పిట్ట ఒక పక్కకు ఒరిగింది. మేకు సగం బయటికొచ్చి, వెలుతురు కనిపిస్తోంది. అందరూ లేచి నిలబడ్డారు. ఆ తర్వాతి మనిషి గురి తప్పాడు. ఆ తర్వాతిది ఆంటీ వంతు.

ఒక్క దెబ్బ చాలు. అది అక్కడ ఎవరికైనా తెలుసు. ఆంటీ చేతిలో రెండు బాణాలు. ముందు వేయాల్సింది ఎర్రది.

ఆంటీ నా కిటికీ దగ్గరికి వచ్చి మంచినీళ్ళు అడిగింది. గ్లాసు అందించాను. అంకుల్ వెనకే వచ్చాడు.

"జ్యోతీ, గాలి లేచింది చూశావా?"

"చూశాను."

"మొదటిది గాలికి పోయిందనుకో, ఎవడేమంటాడు? దేవుడు గాలి పంపించాడనుకుంటారు. రెండోది నీది. వాళ్ళంతా అంత దూరం నుంచొచ్చారు."

"ఫ్లెక్సీ కోసం వేయమంటారా బాణం?"

"ఫ్లెక్సీ సంగతి కాదే. ఆరొందల ఏళ్ళకి మూడే పేర్లని నువ్వేగా చెప్పావు. నాలుగోది నీదవుతుంది. మనది. ఆయనకిప్పుడు తెలుస్తుందా, పెడుతుందా?"

ఆంటీ నీళ్ళు మెల్లగా తాగింది. ఆమెకు ఆ నాలుగో పేరు కావాలి. ఆ రోజు పలక ముందు చూసినదాన్ని, నాకు తెలుసు.

"నేను పొరపాటున తప్పితేనే కుర్చీ మీద దబదబా కొట్టేవాడండీ ఆయన," అంది చివరికి. "కావాలని తప్పితే ఊరుకుంటాడా?"

గ్లాసు నా చేతికిచ్చి వెళ్ళిపోయింది. పందిరి పక్కనుంచి హోప్, "మామ్, జస్ట్ షూట్ లైక్ యూ ఆల్వేస్ డూ" అంది.

ఆంటీ మొక్కజొన్న వైపు చూసింది. ఆకులు ఒకసారి తిరిగి నిలబడ్డాయి. నడుము వంచింది. ఎర్ర ఈకలు చెంపకు ఆనాయి. ఆ భుజాలు రోజూ ముసలివాళ్ళను ఎత్తే భుజాలు. వణకలేదు. బాణం వదిలిన చప్పుడు నాకు వినిపించలేదు. పిట్ట ముందు పైకి లేచింది, నిజంగా ఎగరబోతున్నట్టు. తర్వాత దొర్లుతూ దిగి గడ్డిలో పడింది. ముక్కు విరిగింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అక్కడ ముందు అడగాలి. గాస్టన్ ముందుకొచ్చి గట్టిగా, "ఎవరి బాణం?" అన్నాడు. మూడుసార్లు అడగడం పద్ధతి.

"ఓమెర్‌ది," అంది ఆంటీ. సరిగా వినిపించలేదు.

"ఎవరి బాణం?"

"ఓమెర్‌ది."

"ఎవరి బాణం?"

ఈసారి ఆంటీ తలెత్తింది. "ఓమెర్‌ది" అన్న మాట చేలు దాటి రోడ్డు దాకా వినబడి ఉంటుంది. అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. గాస్టన్ ముఖం తుడుచుకున్నాడు, చెమటేమో.

గిల్డ్ జెండాను గడ్డిమీద పరిచారు. కొత్త రాజు దాని మీద నడవాలి. చనిపోయిన ఆ రాజు తరఫున ఆంటీ విరిగిన పిట్టను రెండు చేతుల్లో పెట్టుకుని నడిచింది. తన మెడలోని హారం తీసి, లోపలి నుంచి తెచ్చిన ఓమెర్ గారి ఖాళీ చక్రాల కుర్చీకి వేసింది.

చర్చివాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. వీర్రాజు గారు శాలువా పట్టుకుని నిలబడే ఉన్నారు.

"ఎలియాజరూ, గెలిచినట్టా, ఓడినట్టా?"

అంకుల్ గొంతు సవరించుకున్నాడు. "పడగొట్టింది మా ఆవిడే. రాజు మాత్రం ఆయన."

"ఆయనెక్కడ?"

"పోయాడు."

"పోయినాయన రాజేంటయ్యా? మరి చక్రవర్తి?"

"ఈసారికి లేదు. వరస తెగింది." అంకుల్ నిటారుగా నిలబడి, వ్యాను దగ్గరున్నవాళ్ళకు కూడా వినపడేలా మొదలుపెట్టాడు. "చూడండి. చేతిలో రెండు బాణాలున్నాయి. ఒకటి తప్పిస్తే ఆరొందల ఏళ్ళ పేరు. తప్పించలేదు. నేను చెప్పినా వినలేదు. ఎవరి ఆడాళ్ళు వేస్తారండీ అలాగ?" అలా గోడ కాచిన రొట్టెలవాళ్ళ దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. కారులో విననట్టు కూర్చుని ఇన్నాళ్ళూ మొత్తం విన్నాడన్నమాట. సెయింటు బొమ్మ సంగతి కూడా చెప్పేశాడు. దానికెవరూ ముఖం ముడుచుకోలేదు.

ఈలోగా గాస్టన్ వీర్రాజు గారి చేతిలోని శాలువా చూశాడు. మా వాళ్ళలో రాజుకు కప్పే వస్త్రం అదే అనుకున్నాడు. మర్యాదగా తల వంచి, దాన్ని తీసుకుని విప్పి, హారం కింద ముడత పడకుండా ఓమెర్ గారి కుర్చీకి కప్పాడు. ఆ శాలువా ఇప్పటికీ ఆ కుర్చీ మీదే ఉంది. లోపలికి వచ్చేవాళ్ళు ఇటుకను తాకి, ఈ ఏడంతా ఆ కుర్చీ ముందు ఒక్క క్షణం ఆగుతారు. ఆంటీ ఆగినప్పుడు మాత్రం కుర్చీ చెయ్యి మీద దబదబమని రెండు దెబ్బలు కొట్టి పోతుంది.

సాయంత్రం బిర్యానీ అందరూ తిన్నారు. గిల్డ్ ముసలాళ్ళు కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా రెండోసారి వడ్డించుకున్నారు. కుర్చీలు మడిచేటప్పుడు హోప్ ఫ్లెక్సీ దగ్గర నిలబడి, "సో డూ వీ త్రో దిస్ అవుట్?" అంది.

ఆంటీ అప్పటికి చేతులు కడుక్కుని ఎర్ర చొక్కా గుండీలు సరిచేసుకుంటోంది. మర్నాడు పొద్దున్నే డ్యూటీ. తన బొమ్మ కేసి పైనుంచి కిందిదాకా చూసుకుంది.

"ముడతలు పడకుండా చుట్టండి," అంది. "మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మూడేళ్ళు దాచాలి దాన్ని."

అంకులూ వీర్రాజు గారూ చెరోవైపు పట్టుకుని చుట్టారు. వంటింట్లో అటక మీద, పాత స్తంభం తాళ్ళ పక్కన నేనే పెట్టాను.